దేవగాంధారి నేర్పిన మనిషి

మిర్యాలగూడ నుంచి సూర్యాపేటకు వడ్లు తోలుకొచ్చిన బండివాడు మాటల మధ్యలో చెప్పాడు, మా సన్నాయి తాత పోయాడని. పోయి అప్పటికే తొమ్మిది రోజులైంది. అతనికి అది దారిలో విన్న కబుర్లలో ఒకటి. నేను వడ్ల లెక్క మధ్యలో వదిలేసి లేచాను.

చదివేవారికి ఆయన ఎవరో చెప్పాలి. పొద్దున ఇల్లిల్లూ తిరిగి గడ్డాలు గీసేవాడు. పెళ్ళిళ్ళ రోజుల్లో సన్నాయి ఊదేవాడు. మా నాన్న పట్వారీ. మా ఇంట్లో పెద్దాచిన్నా అందరూ ఆయన్ని ‘వాడు’ అనేవారు. నలుగురిలో ఉన్నప్పుడు నేనూ అంతే. ‘ఆయన’ అని రాయడం ఇదే మొదలు.

పన్నెండో ఏట నుంచి నేను ఆయన దగ్గర సంగీతం నేర్చుకున్నాను. మా నాన్నకు గడ్డం గీశాక పెరట్లోకి వచ్చేవాడు. సన్నాయి పీకను నాలుకతో తడిపి, ఎడమకన్ను మూసుకుని ఊదేవాడు. నేను పాడితే తప్పులు దిద్దేవాడు. “స్వరాన్ని గుంజకు పంతులూ, పిలువు. అదే వస్తది,” అనేవాడు. ఆరభికీ దేవగాంధారికీ తేడా తెలియక నేను విసుక్కుంటే నవ్వేవాడు. “రెండూ ఒక్క తల్లి పిల్లలే. ఆరభి ఉరుకుతది. గిది నడుస్తది, ఆగి ఎనక్కి సూస్తది.” ఆ నడక నాకు పట్టుబడేదాకా ఒక ఎండాకాలమంతా ఆ ఒక్క రాగమే ఊదాడు.

రజాకార్ల గొడవలు ముదరకముందు సంగతి. నేను కోదాడలో మా మేనమామ ఇంటికి పోతున్నాను. ఆ సాయంత్రం నడిగూడెం కోటలో పాటకచేరీ ఉందనీ, కృష్ణ అవతల నుంచి పెద్ద విద్వాంసుడు వస్తున్నాడనీ తెలిసింది. “నన్ను గూడ తోల్కపో పంతులూ,” అన్నాడు తాత. “ఇన్నేండ్ల సంది ఊదుతున్న. అసుంటోళ్ళ పాట ఒక్కపారన్న ఇనలె.”

బొగ్గుతో నడిచే బస్సులో మునగాల దాకా వెళ్ళి, అక్కణ్ణుంచి నడిచాం. ఉతికిన ధోవతి మట్టి కాకుండా మోకాళ్ళ పైకి ఎగదోసుకుని నాకంటే ముందు నడిచాడు. కోట చావడిలో జంపఖానాలు పరిచి, పెట్రోమాక్సు లైట్లు వెలిగించారు. పట్వారీ కొడుకునని నన్ను ముందు వరసలో కూర్చోబెట్టారు. తాత చావడి మెట్ల కింద, బండ్లు తోలేవాళ్ళ మధ్య నిలబడ్డాడు. తిరిగి చూస్తే కనిపించేంత, మాట వినిపించేంత దూరమే.

విద్వాంసుడు ఒక రాగం ఎత్తుకున్నాడు. నా పక్కన కూర్చున్న ప్లీడరుగారు “ఆరభి” అని తల ఊపారు. నేను ఆగలేక “కాదండీ, దేవగాంధారి” అన్నాను. కీర్తన మొదలయ్యాక నా మాటే నిజమని తేలింది. పాట ముగిశాక ప్లీడరుగారు అందరికీ వినబడేలా నన్ను మెచ్చుకున్నారు.

“ఎవరి దగ్గర నేర్చుకున్నావు బాబూ?”

నేను వెనక్కి చూశాను. తాత మెడ సాచి నావైపే చూస్తున్నాడు. ఆ ముఖంలో ఎంత సంతోషమో!

“బెజవాడలో ఒక పెద్దాయన దగ్గరండీ,” అన్నాను.

“అదీ సంగతి! ఈ చుట్టుపక్కల నేర్పేవాళ్ళెవరున్నారు, పెళ్ళి బాజాలవాళ్ళు తప్ప!” అంటూ ఆయన నవ్వారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అబద్ధం భయంతో వచ్చిందనుకోవచ్చు. నవ్వుకు ఏ సాకు చెప్పను? మళ్ళీ వెనక్కి చూసే ధైర్యం లేకపోయింది.

మర్నాడు పొద్దున ఇద్దరం కోదాడ బండి ఎక్కాం. ఊరు దాటాక ఆయనే అన్నాడు.

“దేవగాంధారి మంచిగ పాడిండు. మీరు గూడ మంచిగ గుర్తువట్టిండ్రు.”

పెరట్లో అన్నేళ్ళూ నన్ను ‘నువ్వు’ అన్న మనిషి. “నాకు మీరేంది తాతా?” అన్నాను.

“అట్లనే ఉండనియ్యుండ్రి పంతులుగారూ,” అన్నాడు నెమ్మదిగా. కోపం లేదు. ఉంటే బాగుండేది.

ఆ తరవాత కూడా పెరట్లోకి వచ్చేవాడు. కానీ నేను ఎంత తప్పు పాడినా దిద్దలేదు. “బాగున్నదండి” అనేవాడు. ఎన్నోసార్లు క్షమించమని అడగాలనుకున్నాను. అడగకుండా మరో రాగం ఎత్తుకునేవాణ్ణి. ఇంతలో ఊళ్ళో గొడవలు పెరిగాయి. ఆయన మిర్యాలగూడలో కొడుకు దగ్గరికి వెళ్ళిపోయాడు. పోలీసు చర్య అయిపోయి దారులు తెరుచుకున్నాక కూడా నేను వెళ్ళలేదు. ఈ నెల, వచ్చే నెల అనుకుంటూ ఉండిపోయాను.

బండివాడు చెప్పిన మర్నాడే, పదోనాటికి మిర్యాలగూడ వెళ్ళాను. ఇంటి ముందు చుట్టాలు పది పదిహేను మంది నేలమీద కూర్చుని ఉన్నారు. కొడుకు లేచి వచ్చాడు.

“ఎవరయ్యా మీరు?”

“మీ నాయిన శిష్యుణ్ణి.” ఆ మాట మొదటిసారి పైకి అన్నాను, ఆయన వినలేని చోట.

అతను తికమకపడ్డాడు. “నాయినకు శిష్యులెవ్వరు లేరయ్యా. నీ ఇద్దె, గీ సన్నాయి పాట, ఎవలకన్న నేర్పినవా అని నేనే అడిగిన. ఎవ్వల్లేరు బిడ్డా అన్నడు.”

కోటలో నేనన్న మాట అబద్ధమని బయటపడకూడదని, ఆయన సొంత కొడుకుతో కూడా నా పేరు చెప్పలేదు.

అప్పుడే వాళ్ళలో ఒకరు నన్ను గుర్తుపట్టి “పట్వారిగారి కొడుకు” అని గొణిగారు. కోడలు లోపల్నుంచి మంచం తెచ్చి వాల్చి, మీద దుప్పటి పరిచింది. నేను మంచం మీద కూర్చోలేదు. వాళ్ళ పక్కన మట్టిలో కూర్చున్నాను. దాంతో అక్కడున్న అందరూ ఒక్కసారి లేచి నిలబడ్డారు. కూర్చోండని ఎంత బతిమాలినా ఒక్కరూ కూర్చోలేదు. ఎండలో, చేతులు కట్టుకుని, నా చుట్టూ అలాగే నిలబడి ఉన్నారు.