రాళ్ళు ఏరిన తోట

మట్టి సర్వే ఆఫీసులో ఆమెకు అసలు పేరొకటి ఉందన్న సంగతి హాజరు పట్టీకి తప్ప ఇంకెవరికీ గుర్తు లేదు. పెద్దాఫీసరు దగ్గర్నుంచి జీపు డ్రైవరు దాకా అందరికీ ఆమె గుంటలక్కే. ఇరవై ఆరేళ్ళుగా ఆమె పని గుంటలు తవ్వడం. ఎండిపోయిన లోయ పొడవునా, ఏటవాలు గట్ల మీద, ఆఫీసరు కర్ర పాతిన చోటల్లా నిలువు లోతు గుంట తవ్వి, అందులోకి దిగి, ఏ లోతున మట్టి ఎలా ఉందో పైకి చెప్పాలి. పైన కుర్చీ వేసుకున్నవాళ్ళు రాసుకుంటారు. చదువుకున్నవాళ్ళు పైనా, చదువుకోనిది కిందా ఉండి, కిందనున్నది పాఠం చెప్పడం నేనైతే ఆ ఒక్క ఆఫీసులోనే చూశాను.

ఆ లోయ నేలంతా జానెడు మట్టికి మూరెడు రాళ్ళు. వాన పడటమే తక్కువ. పడ్డ నాలుగు చినుకులూ పైన నిలవవు, రాళ్ళ సందుల్లోంచి లోపలికి దిగిపోతాయి. దిగేటప్పుడు మట్టిలోని సున్నాన్ని కరిగించి తీసుకుపోతాయి. మోకాలి లోతున ఒక్కో రాయి అడుగున ఆగి, అక్కడే ఆరిపోతాయి. నీరు పోతుంది, సున్నం మిగులుతుంది. అందుకే అక్కడ లోతులోంచి ఏ రాయి తీసినా పైవైపు మట్టి రంగు, అడుగువైపు తెలుపు. గుంటలక్క నడుముకు కట్టుకున్న సంచీలో ఒక చిన్న సీసా ఉండేది. ఆ తెలుపు మీద సీసాలోని పలచటి ఆమ్లం ఒక చుక్క వేస్తే బుసబుసా నురగ వస్తుంది. కొత్తగా చేరినవాళ్ళకు అది చూపించి, వాళ్ళు నోరు తెరిస్తే ఆమె ఎంతో సంతోషపడేది.

మొహమాటం ఆమె జాతకంలోనే లేదనేవారు. ఒకసారి కొత్త ఆఫీసరు, గడ్డపార ఖంగుమనగానే, "బండ తగిలింది, ఇంక ఆపెయ్" అని రాసేసుకున్నాడు.

"బండ కాదు సార్. సున్నం గట్టిపడింది. ఇంకో పది దెబ్బలేస్తే కింద మళ్ళీ మట్టే వస్తుంది."

"నాకు తెలీదంటావా?"

"తెలిస్తే ఆపమనరు కదా సార్."

పది కాదు, ఎనిమిది దెబ్బలకే మట్టి వచ్చింది. ఆయన కాగితం చింపి కొత్తది రాసుకున్నాడు. ఎవరి ముఖం మీదైనా కుండబద్దలు కొట్టినట్టు చెప్పే ఆ మనిషి, జీవితంలో ఒకే ఒక్కచోట నోరు మూసుకుంది. నోరు విప్పాల్సిన చోటు కూడా అదే.

ఆమెకు ఒక చెల్లెలుంది. బడిపిల్లల యూనిఫాంలు కుడుతుంది. చెల్లెలి మొగుడు వడ్రంగి. ఇద్దరూ కలిసి లోయ అంచున ఏటవాలు జాగా ఒకటి సంపాదించి, ఇరవై రెండు అంజూరు మొక్కలు పెట్టారు. పిల్లలు లేని ఆ దంపతులు ఒక్కో మొక్కనూ పేరు పెట్టి పిలుచుకోలేదు గానీ, సొంత పిల్లల్లాగే పెంచారు. రాతినేల అంజూరుకు సరిగ్గా సరిపోతుంది. వేళ్ళకు గాలి కావాలి, నీళ్ళు నిలవకూడదు. మొక్కలు చక్కగా పట్టుకున్నాయి.

మరిదికి మాత్రం ఆ రాళ్ళు కంట్లో నలుసులయ్యాయి. బల్లకు చిత్రిక పట్టి నున్నగా చేసే చెయ్యి అది. చేను గతుకులు గతుకులుగా ఉంటే ఊరుకుంటుందా? మూడేళ్ళపాటు సెలవు రోజుల్లో రాళ్ళు ఏరాడు. పైవి అయిపోయాక మొక్కల మధ్య మోకాలి లోతు తవ్వి మరీ తీశాడు. వాటితో పల్లపు వైపు అంచున ఛాతీ ఎత్తు గోడ కట్టాడు. సున్నం పట్టిన తెల్లటి ముఖాలన్నీ బయటికి వచ్చేలా పేర్చాడు. సాయంత్రం ఎండలో కింద బాట మీద వెళ్ళేవాళ్ళు ఆగి చూసేవారు.

"చూడండి వదినా, నేలకి చిత్రిక పట్టేశాను. ఒక్క రాయి కనపడితే చెప్పండి."

గుంటలక్క ఆ నున్నటి నేలను ఈ చివరనుంచి ఆ చివరదాకా చూసింది. ఆ లోయలో రాయి నేలకు గొడుగు. ఎండ నేరుగా తగలనివ్వదు, చినుకు దెబ్బ మట్టి మీద పడనివ్వదు, కింది చెమ్మను ఆరనివ్వదు. రాళ్ళు తీసేస్తే వానకు మట్టి పైన గట్టి పొర కడుతుంది, నీళ్ళు లోపలికి దిగకుండా పల్లానికి పరుగెడతాయి. ఇదంతా ఆమె నాలుక చివరదాకా వచ్చింది. కానీ ఎదురుగా మరిది, కాయలు కాచిన అరచేతులు ప్యాంటుకు తుడుచుకుంటూ, బహుమతి కోసం నిలబడ్డ పిల్లాడిలా నవ్వుతున్నాడు. ఆమె నేల వదిలేసి గోడ వైపు తిరిగింది.

"గోడ తిన్నగా వచ్చింది," అంది. అంతే అంది.

ఆ తర్వాతి ఏడు, బడిలో బెంచీ బాగుచేస్తూ ఒక మధ్యాహ్నం అతను గుండె పట్టుకుని కూలబడ్డాడు. ఆసుపత్రికి చేరేలోపే పోయాడు.

అతను పోయిన రెండో ఎండాకాలానికి అంజూరు ఆకులు అంచులనుంచి మాడటం మొదలుపెట్టాయి. చెల్లెలు మిషన్ దగ్గర్నుంచి లేచి రోజూ మొక్కకో బిందె పోసేది. నీళ్ళు నేల మీద తళతళలాడుతూ గోడ వైపు జారిపోయేవి. "ఇవీ పోతే నాకింక అక్కడికి వెళ్ళే పనేముందక్కా," అంది ఒకరోజు, దారం కొరుకుతూ, మామూలుగానే. గుంటలక్క ఆ రాత్రి అన్నం ముందు కూర్చుని లేచిపోయింది. ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితి తొట్టిలో పడ్డట్టు, లోకమంతటికీ నేల సంగతి చెప్పిన తను సొంత చెల్లెలి చెట్లను చావనిస్తోంది.

అయినా చెప్పలేకపోయింది. చెబితే ఆ గోడ కూల్చమన్నట్టే. చెల్లెలికి మొగుడు మిగిల్చిపోయిన వస్తువు అదొక్కటే. అందుకని ఇంకో ఉపాయం పన్నింది. ఆదివారం తెల్లవారుతూనే మట్టి నమూనాలు మోసే సంచీ తీసుకుని లోయ వాలులోకి దిగి, రాళ్ళు ఏరి, భుజాన మోసుకొచ్చి, ఒక మూల చెట్టు మొదట్లో పరిచింది. యాభై రెండేళ్ళ మోకాళ్ళవి. నాలుగు ఆదివారాలు పోయాక లెక్క చూసుకుంటే ఒక చెట్టు పూర్తయింది. ఇంకా ఇరవై ఒకటి ఉన్నాయి.

అయిదో ఆదివారం సంచీతో పైకి వస్తూంటే చెల్లెలు గట్టు మీద నిలబడి ఉంది.

"ఏంటక్కా అది?"

"రాళ్ళు."

"పక్కనే గోడంత రాళ్ళుంటే, లోయలోంచి మోసుకొస్తున్నావా? మతి గానీ పోయిందా నీకు?" అని, చెల్లెలు మూల చెట్టు వైపు చూసింది. ఇరవై రెండింటిలో కొత్త చిగురు వేసింది అదొక్కటే. మళ్ళీ గోడ వైపు చూసింది. బట్ట ఎక్కడ పట్టేస్తోందో చూపుతోనే తెలుసుకునే మనిషి. ఆమెకు ఇంకెవరూ విడమరిచి చెప్పనక్కర్లేకపోయింది.

"ఎప్పట్నుంచి తెలుసు నీకు?"

సంచీ దించి గుంటలక్క నేల మీదే కూర్చుంది. "మీ ఆయన ఆ నేల చూపించిన రోజే తెలుసు."

"అంత పెద్ద ఆఫీసర్లకి చెప్పేదానివి. ఆయనకి చెప్పలేకపోయావా?"

"నవ్వుతూ చూపించాడే. నోరు రాలేదు."

చెల్లెలు వెనుదిరిగి ఇంటికి వెళ్ళిపోయింది. తిట్టి ఉంటే బాగుండేది.

మర్నాడు గుంటలక్క ఆఫీసుకు సెలవు పెట్టి, తలుపు తియ్యకపోయినా సరే అనుకుంటూ చెల్లెలి ఇంటికి వెళ్ళింది. తలుపుకు తాళం వేసి ఉంది. తోటకు పోతే చెల్లెలు అక్కడుంది, గోడ పైవరస రాళ్ళు ఒక్కొక్కటీ తీసి కింద పెడుతూ. కళ్ళు వాచి ఉన్నాయి.

"ఆయనకీ అనుమానం వచ్చిందక్కా," అంది తిరిగి చూడకుండా. "నువ్వు వచ్చి వెళ్ళిన రోజే అన్నారు. మీ అక్క గోడ బాగుందంది గానీ నేల గురించి ఒక్క ముక్క మాట్లాడలేదు, ఏదో ఉంది, ఈసారి వచ్చినప్పుడు అడగాలి, అని. మళ్ళీ ఆయనే, పెద్దావిడ, పాపం ఇబ్బంది పెట్టినట్టవుతుందేమో అన్నారు. అడగలేదు."

గుంటలక్క అప్పుడు ఏడ్చింది. మరిది పోయిన రోజున కూడా నలుగురినీ సముదాయిస్తూ తిరిగిన మనిషి, ఇప్పుడు కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. చెల్లెలు ఒక రాయి తెచ్చి ఆమె చేతిలో పెట్టింది. ఊరడింపుగా కాదు, పని ఉంది కాబట్టి.

ఇద్దరూ పనిలో పడ్డారు. చెల్లెలు తెల్లటి ముఖం పైకి ఉండేలా రాళ్ళు పరుస్తూంటే గుంటలక్క ఒక్కోటీ తిరగేసింది. "తెలుపు కిందికి. ఇవి పడుకున్న తీరు ఇదీ," అంది. చెల్లెలు తనూ తిరగేయడం మొదలుపెట్టింది. మధ్యాహ్నానికి ఆరు చెట్లయ్యాయి. గోడ నడుము దాకా దిగింది, తర్వాత మోకాలి దాకా దిగింది. మోకాలి కిందికి చెల్లెలు చెయ్యి వెయ్యబోతే గుంటలక్క పట్టుకుని ఆపింది.

"ఇక చాలు. ఇంతవరకు ఉండనీ."

చెల్లెలు నడుము నిటారుగా చేసి అక్క ముఖంలోకి చూసింది. "ఇది మొహమాటానికంటున్నావా, నిజంగానా?"

గుంటలక్క వెళ్ళి గడ్డపార తెచ్చి, గోడకు లోపలివైపు ఆనుకుని గుంట తవ్వింది. ఖంగుమన్న చప్పుడు ఒక్కసారీ రాలేదు. గడ్డపార దిగిన కొద్దీ దిగింది. మోకాలి లోతున తను దిగి కూర్చుని, గోడ పక్కనుంచి పిడికెడు మట్టి తీసింది. నల్లగా, చల్లగా, మెత్తగా ఉంది. మూడు వానాకాలాల్లో తోటంతటి నుంచీ కోసుకొచ్చిన మట్టి లోయలో కలిసిపోకుండా ఆ అడుగు వరసల దగ్గరే ఆగింది.

"రాసుకో," అంది కిందనుంచి, ఆఫీసర్లకు చెప్పే గొంతుతోనే. "మోకాలి లోతు. రాళ్ళు లేవు. చెమ్మ ఉంది. ఈ జాగా మొత్తంలో మంచి మట్టి ఇక్కడే ఉంది. గోడ ఆపింది కాబట్టే ఉంది."

చెల్లెలి దగ్గర కాగితం లేదు. గుంట అంచున కూర్చుని, చెయ్యి చాపి, ఆ మట్టి అడిగి తీసుకుంది. చాలాసేపు గుప్పిట విప్పలేదు.