మామా కంటి వెనక పొర

నేను పనిచేసే అరబ్బుల ఇంట్లో యజమానురాలిని మామా అనే పిలవాలి. మామా బళ్లో లెక్కలు చెప్తుంది. ఆమెకు నరాల జబ్బు. నరం మీది తొడుగు ఊడిపోతుంది, లోపలి నరమూ పాడవుతుంది. పైకి మాత్రం మనిషి నిక్షేపంగా ఉంటుంది. పాడైన నరాల తునకలు నెత్తురులో కలుస్తాయట, కంటి వెనక ఉండే నరాల పొర పలచబడుతుందట. అందుకే నెత్తురూ కన్నూ రెండూ పరీక్ష చేస్తారు. కొత్త మందు మొదలుపెట్టి ఏడాదైంది. ఈసారి పరీక్షలు బాగా రాకపోతే బడి మానేస్తానని మామా ముందే చెప్పింది.

నాకు కాలు నిలవలేదు. పరీక్షకు ముందురోజు ఉప్పు, ఎండుమిరపకాయలతో ఆమెకు దిష్టి తీసి, వాటిని పెనం మీద వేశాను. కిటికీలు బిగించి ఏసీ వేసిన ఇల్లు. అందరికీ ఒకటే దగ్గు. మా కడప వైపు ఘాటు రాకపోతే దిష్టి తగిలినట్టు లెక్క. ఆ లెక్కన మామాకు ఏ దిష్టీ లేదు, కళ్లు మాత్రం చింతనిప్పులయ్యాయి.

మర్నాడు ఆసుపత్రిలో కంటి ఫొటో సరిగా రాలేదు. కళ్లకేమైందని ఫొటో తీసే ఆయన అడిగితే, "ఉల్లిపాయలు తరిగాను" అంది మామా. ఆమె కత్తి పట్టగా నేనెన్నడూ చూడలేదు. నన్ను ఒక్క మాట అననివ్వలేదు. కన్నీళ్లు కారుతున్నా గడ్డం మిషను మీద ఆనించి, రెప్ప వాల్చకుండా, ఫొటో బాగా వచ్చేదాకా మళ్లీ మళ్లీ తీయించుకుంది. దిష్టి తీయడం తప్పని నేనిప్పటికీ ఒప్పుకోను. కిటికీ తెరవకపోవడమే తప్పు.

కొన్ని వారాలకు ఫలితాలు వచ్చాయి. నెత్తురులో తునకలు తగ్గాయి. కంటి పొర పోయినసారి ఎంతుందో అంతే ఉంది. ఎడమ కంట్లో ఇదివరకే పలచబడినది మాత్రం తిరిగి రాదన్నారు. ఆసుపత్రి నుంచి ఇంటికొస్తున్నాం, మామాయే కారు నడుపుతోంది.

"పోయిన పొర మళ్లా రాదా మామా?" అన్నా, నాకొచ్చిన అరబీలో.

"రాదు. దాని కోసం ఏడవాల్సింది ఎప్పుడో ఏడ్చేశా. ఖలాస్."

నాకు ఏడుపు ఆగలేదు. అల్ రాయ్ సిగ్నల్ దగ్గర కారు ఆగింది. మామా అరచేత్తో కుడి కన్ను మూసుకుని, ఎదురుగా ఉన్న కార్ల షోరూం బోర్డు చదవసాగింది. మధ్యలో రెండు చోట్ల ఆగింది. తప్పిపోయిన అక్షరాలు తనే ఊహించి పేరు పూర్తి చేసింది.

"చాలు," అని చెయ్యి తీసింది. "రేపు బడికెళ్లాలి, నా నల్ల అబాయా ఇస్త్రీ చేసి పెట్టు."