ఆరో పేజీ

పైడిరాజు రైల్వే గార్డుగా రిటైరయ్యాడు. హిందీవాళ్ల ఊళ్లో తోర్వా పేటలోని తెలుగువాళ్లకు మాత్రం ఓటు ఎవరికి వెయ్యాలో చెప్పే మనిషి. ఎన్నికల ముందు ఆదివారం ఆయన వరండా నిండిపోయేది, భార్య టీలు పెట్టలేక విసుక్కునేది. హిందీలో వచ్చే కరపత్రాలు చదివే ఓపిక ఎవరికీ లేదు, నిజం చెప్పాలంటే ఆయనకూ లేదు. "కాగితాలదేటుంది, ఎవుడైనా రాస్తాడు. మన నాయకుడి మొకం సూసి గుద్దేయండి," అనేవాడు. అందరూ అలాగే గుద్దేవారు. దానికి ఆయన మురిసిపోవడం చూడాలి!

భార్య పోయి రెండేళ్లయింది. ఈసారి మున్సిపల్ ఎన్నికలొచ్చాయి. పొద్దుపోక, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి రెండు పార్టీల మేనిఫెస్టోలూ చివరిదాకా చదివాడు. సొంత పార్టీ కాగితాల్లో ఆరో పేజీ దగ్గర ఆగి, మళ్లీ చదివాడు. గెలిస్తే పేటలోని ఆసుపత్రిని ఎత్తేసి, ఊరి బయట సీపత్ రోడ్డులో పెడతారట. అవతలివాళ్లేమో ఇక్కడే ఉంచుతామంటున్నారు. ముసలివాళ్లంతా దాని మీదే బతుకుతున్నారు, ఈ సంగతి ఎలాగైనా చెప్పాలనుకున్నాడు.

ఆదివారం వరండా కడిగి, బెంచీలు వేసి, రెండు లీటర్ల పాలు తెచ్చాడు. పది దాటినా ఒక్కరూ రాలేదు. నాయకుడి వీడియో ఇప్పుడు ఎవరి ఫోనుకు వాళ్లకే వచ్చేస్తోంది, ఇక ఈయనతో పనేముంది? ఇల్లు ఇంత బోసిగా ఉందని ఆయనకు భార్య పోయిన రోజు కూడా అనిపించలేదు.

పదకొండింటికి కనకం వచ్చింది. ఆయనతో పనిచేసి చనిపోయిన సూర్యం భార్య. వారం వారం ఆ ఆసుపత్రికి నడిచెళ్లి షుగరు మాత్రలు తెచ్చుకుంటుంది. పైడిరాజుకు ప్రాణం లేచొచ్చింది. టీ ఇచ్చి, ఆరో పేజీ మొత్తం తెలుగులో చెప్పాడు.

"అచ్ఛా. అయితే ఏటంతావన్నయ్యా?"

"ఈపాలి మనోడికి ఎయ్యొద్దంతన్నాను. ఆసుపత్రి ఎల్లిపోతే నువ్వేటి సేస్తావమ్మా?"

కనకం గ్లాసు కింద పెట్టింది. "మొన్న ఫోన్లో ఆ బాబు నవ్వుతా దండం ఎట్టినాడు. అలాటోడు మనకి అన్నేయం సేస్తాడేటి? కాగితాలదేటుంది, ఎవుడైనా రాస్తాడు. నువ్వు సెప్పిందే గదా. మా ఆయన పోయీదాకా అదే మాట మీదున్నాడు."

ఆరో పేజీ పైడిరాజు చేతిలోనే ఉండిపోయింది.

ఆయన మొహం చూసి కనకానికి జాలేసింది. వెళ్తూ మెట్ల మీద ఆగింది.

"ఒక్కడివీ కూకుని అయ్యన్నీ సదవకన్నయ్యా, మనసు పాడైపోద్ది. రేపు నాతో ఆసుపత్రికి రా, బీపీ సూయించుకుందువు. నడిసెల్లే దూరవే గదా."