ఎలిమినేటర్ మీద రెండు బొట్లు

పోయిన వారం, టెక్కలిలో చదువుకుంటున్న మా అక్క మనవరాలు అక్కడి నుంచి వచ్చిన బస్సు దిగి నేరుగా నా రిపేరు షాపులోకి వచ్చింది. భుజాన గిటారు, చేతిలో సూట్‌కేసంత పలక. ఆ పలకని నా బల్ల మీద పెట్టి, దాని మీద వరసగా బిగించి ఉన్న ఆరు రంగురంగుల ఇనప డబ్బాలకి కరెంటు ఎలా ఇవ్వాలో, ఏ పవర్ సప్లై కొనుక్కుంటే మంచిదో చెప్పమంది. పలాసలో ఇన్నేళ్ళుగా రేడియోలు, టేప్ రికార్డర్లు, టీవీలు, ఇప్పుడు గతిలేక ఫోను చార్జర్లు బాగుచేసుకుంటూ బతుకుతున్నవాణ్ణి కాబట్టి ఆ ప్రశ్న నాకు కష్టమైనదేమీ కాదు. అయినా ఒళ్ళు మండింది. ఆ పిల్ల మా అక్కకి మనవరాలైతే మా బావకీ మనవరాలే కదా. మా బావకీ నాకూ మాటల్లేక ముప్పై ఏళ్ళు దాటింది. దానికి కారణం కూడా సరిగ్గా ఇదే, గిటారు డబ్బాలకి కరెంటిచ్చే ఒక ఎలిమినేటర్.

ఎలిమినేటర్ అన్న మాట నా ఈడు వాళ్ళకి తప్ప ఇప్పుడెవరికీ తెలియదు. బ్యాటరీ అవసరం లేకుండా చేసేది కాబట్టి దానికాపేరు. ఇప్పటివాళ్ళు అడాప్టర్ అంటారు, లేకపోతే అన్నింటినీ ఒకే గాటన కట్టి చార్జర్ అనేస్తారు. చార్జర్ చార్జి చేస్తుంది, ఇది చెయ్యదు, ఈ తేడా చెప్పీ చెప్పీ నా నోరు నొప్పెడుతోంది గానీ వినేవాడు లేడు. మా రోజుల్లో అది తెల్ల ప్లాస్టిక్ డబ్బా, ముందువైపు రెండు చిన్న మీటలు. ఒక మీటతో మూడు నుంచి పన్నెండు దాకా ఎన్ని ఓల్టులు కావాలంటే అన్ని పెట్టుకోవచ్చు. రెండో మీట పిన్నులో ప్లస్సు లోపలికి రావాలో, మైనస్సు లోపలికి రావాలో తిప్పుకునేది. టేప్ రికార్డర్‌కి ప్లస్సు లోపలుండాలి, గిటారు డబ్బాలకి మైనస్సు లోపలుండాలి. తిరగేసి పెడితే లోపల సామాను మాడిపోతుంది. ఆ రెండో మీటే మా కొంప ముంచింది.

బావకి సోంపేటలో ఆర్కెస్ట్రా ఉండేది. ఆయన కీబోర్డు, నేను గిటారు, ఇంకా డ్రమ్ములకొకరు, పాటకి ఇద్దరు. ఉద్దానంలో కొబ్బరితోటల మధ్య ఊళ్ళన్నీ తిరిగాం, బారువలో ఇసక మీద స్టేజీ కట్టుకుని వాయించాం, పెళ్ళిళ్ళకి నిమ్మాడ దాకా వెళ్ళాం. రైల్వేలో పనిచేసే మా పెదనాన్న కొడుకు కలకత్తా నుంచి నాకు మూడు డబ్బాలు తెచ్చిపెట్టాడు. కాలితో తొక్కితే గిటారు గొంతు మారిపోయేది, ఒకటి గరగరలాడించేది, ఒకటి అలలా ఊపేది, మూడోది వాయించిన ముక్కనే మళ్ళీ మళ్ళీ పలికించేది. తొక్కుడు డబ్బాలని పేరు పెట్టుకున్నాం. వాటి చదరపు బ్యాటరీలు పలాసలో ఉంటే ఉండేవి, లేకపోతే లేవు, అందుకని ఎలిమినేటర్ తీగ కోసి, మూడు పిన్నులు టంకం వేసి, ఒకే తీగ మీద మూడింటికీ కరెంటిచ్చాం. అలా ఇవ్వకూడదని ఇప్పుడు పసిపిల్లలు కూడా చెబుతున్నారు. మాకెవరు చెప్పారు? ఒకదాని రొద రెండోదానిలో దూరి, రెండోది మూడోదానిలో దూరి, నేను గిటారు తీగ ముట్టకముందే స్పీకరు గుంయ్‌మని మొదలెట్టేది. నిమ్మాడ పెళ్ళిలో పెళ్ళికొడుకు తాత ఒకాయన చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, "ఏటర్రా, పందిట్లో తుమ్మెద దూరిందేటి? ముందు దాన్ని తోలండి" అన్నాడు. జనం నవ్వారు, బావ కూడా నవ్వాడు. నాకు ఆ నవ్వు ఈనాటికీ గుర్తే.

బావతో నాకున్న మొదటి పేచీ ఏమిటంటే, పాటలు నేర్చుకోవడానికి ఆయన నా ఎలిమినేటర్ పట్టుకుపోయి తన టేప్ రికార్డర్‌కి పెట్టుకునేవాడు. వద్దన్నా వినడు. వాడుకున్నాక మీట మళ్ళీ నావైపు తిప్పి పెట్టాలి. డబ్బా మీద అచ్చువేసిన గుర్తులు మా చేతుల రాపిడికి ఎప్పుడో చెరిగిపోయాయి. అందుకని అక్క గోళ్ళరంగు సీసా అడిగి తీసుకుని, మీట నావైపు ఎక్కడుండాలో అక్కడ ఒక ఎర్ర చుక్క పెట్టి, అందరికీ వినపడేట్టు చెప్పాను, ఎర్ర చుక్క నాది, తిరిగిచ్చేటప్పుడు మీట ఎర్ర చుక్క మీదుండాలి అని. అందరూ సరేనన్నారు. అప్పట్లో నా మాటంటే అందరికీ కాస్త భయం కూడా, ఎందుకంటే నా కోపం అలాంటిది. నా సామాను ఎవరు ముట్టుకున్నా ఊరుకునేవాణ్ణి కాదు. దసరాకి వాయిద్యాలన్నింటికీ పూజ చేసేటప్పుడు మిగతావాటికి అక్క బొట్లు పెట్టేది గానీ, నా గిటారుకీ నా డబ్బాలకీ అక్క చేతిలోంచి కుంకుమ భరిణె లాక్కుని నేనే పెట్టుకునేవాణ్ణి.

ఆ ఏడు దసరా వెళ్ళిన వారంలోనే బరంపురం నుంచి ఒక పెద్ద ఆర్కెస్ట్రా పార్టీవాళ్ళు గిటారు వాయించేవాడి కోసం చూస్తున్నారని తెలిసింది. ఊరూరా తిరిగే పార్టీ, నెల జీతం, రైలు ప్రయాణాలు, పెద్ద స్టేజీలు. నా వాయింపు వింటామని ముగ్గురు పెద్దమనుషులు పొద్దున్నే పలాస వచ్చారు. బావ స్నేహితుడి జీడిపిక్కల షెడ్డులో మేము సాధన చేసుకునేవాళ్ళం, అక్కడే కూర్చోబెట్టాం. పక్కన పిక్కలు కాలుస్తున్నారు, ఆ ఘాటు పొగ గొంతులో పట్టేస్తోంది, ఆడవాళ్ళు పప్పు ఒలవడం ఆపి మావైపు చూస్తున్నారు. నేను గిటారు శ్రుతి చేసుకుంటున్నాను, ఎలిమినేటర్ తెచ్చి ప్లగ్గులో పెట్టింది బావ. ముందు రోజు టేప్ రికార్డర్‌కి వాడుకున్నదీ ఆయనే.

స్విచ్చి వేశాక రెండు నిమిషాలు ఏమీ తెలియలేదు. జీడి పొగలో మాడు వాసన ఎవరికి తెలుస్తుంది? కాలితో తొక్కాను, గరగర లేదు. రెండోది తొక్కాను, అల లేదు. మూడోదాని సందుల్లోంచి సన్నగా పొగ వచ్చింది. తీగ ఊడబీకి ఎలిమినేటర్ చేతిలోకి తీసుకోకుండానే, కనీసం దానివైపు చూడకుండానే, బావ మీద విరుచుకుపడ్డాను.

"నానెల్లిపోతే నీ పార్టీ మూసీసుకోవాలని నీకు కడుపుమంట. కావాలనే తిప్పీసినావు."

"ఎర్ర సుక్క మీదే పెట్టేన్రా బాబూ. ఒక్కసారి నువ్వే సూడు," అని ఆయన ఆ డబ్బా నా ముందుకి చాపాడు.

నోరు ముయ్యమన్నాను. అక్క మొగుణ్ణి, నాకన్నా పదేళ్ళు పెద్దవాణ్ణి, పప్పు ఒలిచే ఆడవాళ్ళ ముందు, బరంపురం వాళ్ళ ముందు, నోరు ముయ్యమన్నాను. ఇంకా చాలా అన్నాను, అవి ఇక్కడ రాయలేను. వచ్చినవాళ్ళలో పెద్దాయన ఒడియా కలిసిన తెలుగులో, డబ్బాలు పోతే పోయాయి, ఉత్త గిటారు వాయించు బాబూ వింటాం, అని రెండుసార్లు అడిగాడు. నేను వాయించలేదు. తీగ నేలకేసి కొట్టి బయటికి నడిచాను. వాళ్ళు ఇచ్ఛాపురం కుర్రాడొకణ్ణి చూసుకున్నారని తర్వాత విన్నాను. నేను గిటారు అటక మీద పెట్టేశాను, టంకం కడ్డీ చేతపట్టాను, షాపు తెరిచాను. ఎవరైనా అడిగితే, మా బావ నా బతుకు మీద మీట తిప్పేశాడని చెప్పడం అలవాటు చేసుకున్నాను, ఆ మాట నాకు చాలా బాగుండేది కూడా.

అక్క మాత్రం రాకపోకలు మానలేదు. సోంపేట నుంచి బస్సులో వచ్చేది, బావ అక్కడ ఎక్కించేవాడు, ఇక్కడ నేను దింపుకునేవాణ్ణి, తిరిగి వెళ్ళేటప్పుడూ అంతే, ఇద్దరం ఒక బస్సుకి చెరో కొసనా నిలబడి ముప్పై ఏళ్ళు గడిపేశాం. ప్రతిసారీ కొబ్బరికాయల సంచి దించి కూర్చోగానే ఒకటే మాట. "నాను పోయేలోగా మీరిద్దరూ ఒక్క మాటనుకోండర్రా. నాకింకేటీ వద్దు." ముందు ఆయన్ని తప్పు ఒప్పుకోమను, అనేవాణ్ణి. అప్పుడు అక్క నా మొహంలోకి ఒకలా చూసి, వంటింట్లోకి వెళ్ళిపోయేది. నిరుడు అక్క పోయిన రోజున కూడా బావ తలవైపు, నేను కాళ్ళవైపు కూర్చున్నాం. ఆయన నావైపు రెండుసార్లు చూశాడు. నేను చూడలేదు.

ఇంత కథ కడుపులో పెట్టుకుని ఆ పిల్ల ప్రశ్నకి జవాబు చెప్పడానికి కూర్చున్నాను. కోపం మనిషి మీదైనా పని పని కదా. ఫోనులో చూపించిన వాటిలో చవకవి రెండు చూసి, ఇవి పేరుకి కరెంటొచ్చే దారులు ఎనిమిది గానీ లోపల అన్నీ ఒక్క తీగే, మా పాత రోగమే రంగు పూసి అమ్ముతున్నారు, అని తిట్టాను. ఒక్కొక్క డబ్బా వెనక రాసి ఉన్న మిల్లీ ఆంపులు దానిచేతే చదివించి కాగితం మీద వేసుకున్నాను. పాత రకానివి ఐదూ నలుసంత తింటాయి, వాయించిన ముక్క తిరిగి పలికించే కొత్త డబ్బా ఒక్కటే మూడువందలు తింటుంది, దానికి ఐదువందలిచ్చే దారి ఉండాలి. ఏ దారికా దారి లోపలే విడిగా ఉండాలి, ఒకదాని రొద ఒకదానిలో దూరకూడదు. అన్నీ కలిపి తినేదానికి కాస్త ఎక్కువే ఇచ్చేది కొనుక్కో, సరిపోయిందని సరిగ్గా అంతే కొనుక్కుంటే వేడెక్కి ఛస్తుంది. ఇవన్నీ చెప్పి ఒకదాని మీద వేలు పెట్టాను. పిల్ల సంతోషించింది. పలక మూసి, సంచిలోంచి పాత తువ్వాలు మూట ఒకటి తీసి నా ముందు పెట్టింది.

"డబ్బాలకి వాడుకుందామని సోంపేటలో బీరువాలోంచి తీసాను తాతా. మా తాత, అది నాది కాదు, ఆడికే ఇచ్చీ అన్నాడు."

విప్పితే నా ఎలిమినేటర్. తెలుపు పోయి పసుపెక్కింది. రెండో మీటకి ఒకవైపు గోళ్ళరంగు చుక్క ఇంకా మెరుస్తోంది. రెండోవైపు, ప్లాస్టిక్ గాడిలో, నూనెతో కలిపిన కుంకుమ ఇంకిపోయి నల్లబడిన గుండ్రటి మరక. అది బొట్టు. దసరా బొట్టు. నేను తప్ప ఇంకెవరూ ముట్టుకోని నా సామానుకి నా వేలితో నేను పెట్టిన బొట్టు.

నమ్మబుద్ధి కాక మీటరు తెచ్చాను. మీట గోళ్ళరంగువైపు పెడితే డబ్బాలకి కావలసినట్టే తొమ్మిది ఓల్టులు, కాస్త ఎక్కువే, చూపించింది. బొట్టువైపు తిప్పితే అదే అంకె ముందు మైనస్సు గీత వచ్చి కూర్చుంది. రెండు ఎర్ర చుక్కల్లో బావ కొత్తగా, ఎర్రగా కనపడినదాని మీద మీట పెట్టాడు. ఎర్ర చుక్క మీద పెట్టమని నేనే చెప్పాను.

మీ తాత ఇంకేమన్నాడని అడిగాను. పిల్ల గిటారు సంచి జిప్పు లాగుతూ చెప్పింది.

"ఆ రోజే ఇంటికెల్లి సూసినాడంట. సెప్తే ఆడు మరి గిటారు ముట్టడని సెప్పలేదంట. సెప్పకపోయినా ముట్టలేదు ఎదవ, అన్నాడు."

"మీ నాన్నమ్మకి తెలుసా?"

"తెలుసంట. నీతో అనొద్దని ఒట్టేయించుకున్నాడంట."

నాకు ముందు వచ్చింది కోపమే, అబద్ధం ఎందుకు. ముప్పై ఏళ్ళు నన్ను వెర్రివాణ్ణి చేసి కూర్చోబెట్టినందుకు బావ మీద, ఆ ఒట్టు పట్టుకుని నా గుమ్మం ఎక్కి దిగినందుకు అక్క మీద. కాసేపటికి ఆ కోపం ఎక్కడా నిలవలేదు. తప్పు ఒప్పుకోమను అన్నప్పుడల్లా అక్క నా మొహంలోకి అలా ఎందుకు చూసేదో ఇప్పుడు తెలిసింది. ఒక్క ముక్క చెబితే నా నోరు మూతపడేది. ఆ ముక్క చెప్పకుండా, ప్రతిసారీ మమ్మల్నే ఒక్క మాట అనుకోమని బతిమాలింది.

మనవరాలికి చెప్పిన పవర్ సప్లై నిన్ననే వచ్చింది, పిల్లని రమ్మని బిగించి ఇచ్చాను. గిటారు పెట్టి చూస్తే గుంయ్‌మనే చప్పుడు లేదు, ఎంత నిశ్శబ్దమంటే ముందు పాడైందేమో అనుకున్నాను. దాని మీద ఎక్కడా మీట లేదు. పిన్ను ఎవరు పెట్టినా ఒకేలా పడుతుంది, ఎర్ర చుక్కలు అక్కర్లేదు, ఇంకొకళ్ళు తిప్పేశారని అనడానికీ వీల్లేదు. పిల్లని సాయంత్రం సోంపేట బస్సు ఎక్కించి, ఆ కొసన దింపుకోవడానికి బావ నిలబడి ఉంటాడని గుర్తొచ్చి, నేనూ ఎక్కుదామని బస్సు తలుపు కడ్డీ పట్టుకున్నాను. మాట కలపడానికి ఇప్పుడు నాకు అభ్యంతరం లేదు, ఆయనకీ ఉండదు. ఆ ఒక్క మాట వింటానని ముప్పై ఏళ్ళు ఈ బస్సులో తిరిగిన మనిషే లేదు.