గొలుసు వేసుకుని బంగారు గనికి

బంగారు గనికి వెళ్లి ఎవరైనా కాస్తో కూస్తో తెలివి తెచ్చుకుంటారు. నేను ఉన్న పరువు అక్కడ పారేసి వచ్చాను. చెబుతాను, నవ్వుకోండి. నాకిప్పుడు పోయేదేమీ లేదు.

యాభైల నాటి మాట. కొత్తగా పెళ్లైంది. మాది చోడవరం. మామగారిది బుచ్చయ్యపేట, చెరకు రైతు. పెళ్లిలో ఆయన నా మెడలో వేసిన గొలుసుని నిద్రలో కూడా తీసేవాణ్ణి కాదు. ఊరివాళ్లకి కనబడదేమోనని చొక్కా పై బొత్తాం పెట్టుకోవడమే మానేశాను.

మామగారి తమ్ముడు మైసూరు వైపు బంగారు గనుల్లో గుమాస్తా. ఆయన్ని చూసొద్దామని మామా అల్లుళ్లం బయల్దేరాం. రైలు పచ్చటి నది లోయ దాటి ఆ పాత గనుల ఊరు చేరింది. ఎటు చూసినా దొరల బంగళాలు, కొండలంత రాతిపొడి దిబ్బలు.

"ఇంత తవ్వితే గోరంత వస్తాదటండి," అన్నారు మామగారు.

నాకు ఆ గనివాళ్లమీద జాలేసింది. పాపం, మన గొలుసైనా చూసి సంతోషిస్తారని ఇంకో బొత్తాం విప్పాను.

తమ్ముడుగారు గని చూడ్డానికి అనుమతి ఇప్పించి పనికి వెళ్లిపోయారు. ఒంటిమీద బంగారముంటే గేటు దగ్గర చెప్పాలని బోర్డు ఉంది.

"బాబూ, ఆ గొలుసు బసలో ఎట్టేసి వద్దారండి," అన్నారు మామగారు, ఎందుకో కంగారుగా.

"బంగారం ఊళ్లో బోసి మెడతో తిరగమంటారేటి మావయ్యా?"

చెబితే తీసేయమంటారని గేటు దాటేదాకా బొత్తాలన్నీ పెట్టుకున్నాను. దాటగానే విప్పేశాను. ఆ సంగతి తిరిగొచ్చేటప్పుడు గుర్తులేదు.

"ఏమప్పా, మెడలో ఏంది?" అన్నాడు గేటు జవాను.

"నా గొలుసు."

"పోయేటప్పుడు చెప్పలేదే?"

"గనిలో గొలుసులు కాస్తాయేటండీ? మీరు తవ్వేది రాయి కదా!"

"అదంతా మా సారు చూసుకుంటాడు. బంగారమైతే కేసు. కూర్చో."

చోడవరంలో తల ఎలా ఎత్తుకోవాలా అని ఏడుపొచ్చింది.

"మా మావయ్య పెళ్లిలో ఎట్టేరు! ఆయన్నే అడగండి!"

మామగారికి చెమటలు పట్టాయి. నన్ను చూశారు, జవానుని చూశారు, చివరికి నేల చూశారు.

"కేసెందుకండి బాబూ... అది గిల్టు. ఆ ఏడు సెరకు పండలేదు. పంట సేతికొచ్చేక మార్సీద్దారనుకున్నాను."

"అట్లయితే పోండి," అన్నాడు జవాను.

బుద్ధున్నవాడు దండం పెట్టి బయటపడతాడు. నాకు రోషం పొడుచుకొచ్చింది.

"మా మావయ్య గిల్టు ఎడతారా? అది మేలిమి బంగారం! పరీక్ష చేయించండి!"

"ఊరుకోండి బాబూ, మీకు దండమెడతాను!"

"మీరూరుకోండి మావయ్యా! జైల్లో ఎట్టినా సరే, అది బంగారమే!"

పరీక్ష చేసే ఆయన వచ్చి గొలుసుని గీటురాయి మీద ఒక్క గీత గీశాడు. "ఇత్తడి," అన్నాడు.

షిఫ్టు దిగిన కూలీలంతా ఇళ్లకు వెళ్లడం మానేసి నవ్వారు. జవాను గొలుసు నా చేతిలో పెట్టి, "పదిలం అప్పా, దొంగలున్నారు," అన్నాడు.

రైల్లో మామగారు నా మొహం చూడలేదు. నాకు ఆయన మీద జాలే వేసింది, కోపమంతా నా నోటిమీదే. అనకాపల్లిలో దిగేలోగా ఏడుకొండలవాడి మీద ఒట్టు పెట్టుకున్నాను: ఈ జన్మలో ఎవరైనా నన్ను నిర్దోషి అంటే, వాళ్లతో వాదనకి దిగను.