సున్నం అంటిన వేలు

చోడవరం నుంచి మా ఊరికి వచ్చే దారిలో, గెడ్డ మీద రాతి వంతెన ఉండేది. ఏ రాజు కట్టించాడో ఎవరికీ తెలియదు. ఏటా చెరకు గానుగలు మొదలవగానే, ప్రతి ఇల్లూ తొలి పాకంలో ఒక బెల్లం దిమ్మ వంతెనకిచ్చేది. ఆ బెల్లం నీళ్లూ కరక్కాయ నీళ్లూ పోసి సున్నం నూరి, రాళ్ల సందులు పూడ్చే పని మా నాన్నది. మా తాత నుంచి వచ్చింది. సున్నం మీద ఈగలు ముసిరితే, "సూసేవా, దేవుడికన్నా ముందు దీనికే నైవేద్యం" అని నవ్వేవాడు.

పందొమ్మిది వందల యాభైల్లో పాత కట్టడాలు చూసే అధికారి ఒకాయన వచ్చాడు. మా ఇంట్లో కోడికూర రెండుసార్లు వేయించుకుని తిన్నాడు. వంతెనను రక్షిత కట్టడం చేస్తే సర్కారు కాపాడుతుందనీ, ఊరివాళ్లు అర్జీ ఇవ్వాలనీ అన్నాడు. "పని మాత్రం మీ చేతుల మీదే, పెద్దాయనా" అని మాటిచ్చాడు. నాన్న తటపటాయించాడు. ఎనిమిదో తరగతి చదివిన ఆడపిల్లనన్న మిడిసిపాటుతో అర్జీ నేనే రాసేశాను. తలచుకుంటే ఇప్పటికీ నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

బోర్డు పాతారు. ముట్టుకుంటే శిక్ష అని నేనే చదివి వినిపించాను.

"మనకి కాదులేయే, కొత్తోళ్లకి" అన్నాడు నాన్న. ఆ ఏడూ గానుగలు ఆడగానే సున్నం నూరుకుని వెళ్లాడు. మధ్యాహ్నం కబురందితే పరుగెత్తాను.

అదే అధికారి. నాన్నను ఎన్నడూ చూడనట్టే నిలబడ్డాడు. కట్టడం పాడుచేశాననీ, ఇకపై చెయ్యి వేయననీ రాసివ్వాలట. లేకపోతే పోలీసులట.

"పని నాదేనని తమరే సెప్పేరు కదా బాబూ!"

"ఎక్కడైనా రాసిచ్చానా?"

తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమంటే ఏమిటో ఆ రోజు చూశాను. నా ఒళ్లు మండిపోయింది.

అర్జీ రాసిన చేత్తోనే ఆ కాగితమూ రాశాను. 'పాడుచేశాను' అన్న మాట దగ్గర చెయ్యి ఆగింది.

"కానీయే గుంటా, సున్నం ఆరిపోతంది" అన్నాడు నాన్న. కాగితం ఇచ్చేస్తే పని పూర్తి చేసుకోనిస్తారని అప్పటికీ ఆయన నమ్మకం.

బొటనవేలు సిరాలో అద్ది నొక్కాడు. వేలినిండా సున్నం, గీతలు పడలేదు.

"కడుక్కొచ్చి మళ్లీ వెయ్యి" అన్నాడు అధికారి.

నాన్న గెడ్డలోకి దిగి, వంతెన కిందే చేతులు తోముకుని వచ్చాడు. ఈసారి ముద్ర చక్కగా పడింది. ఊరందరి బెల్లం కలిసిన ఆ సున్నాన్ని మా కళ్లముందే గెడ్డలో పారబోయించారు.