నర్సమ్మ దాచలేదు

ఈ సంగతి నా క్లాసుల్లో చాలాసార్లు చెప్పాను. ఛాతీలో ఏ ఇబ్బంది ఉన్నా ముందు డాక్టరుకు చూపించుకోండి, ఒకామె ఆలస్యం చేసి చాలా కష్టపడింది, అని. ఆమెకు ఎందుకు ఆలస్యమైందో మాత్రం ఏనాడూ చెప్పలేదు. ఆ మిగిలిన సగం ఇప్పుడు రాస్తున్నాను.

అది 2004. రాయచూరు జిల్లాలో కృష్ణ ఒడ్డునున్న థర్మల్ పవర్ ప్లాంటు కాలనీలో యోగా నేర్పేవాణ్ణి. మాది రాయచూరులోనే మూడు తరాలుగా ఉన్న తెలుగు కుటుంబం. పొద్దున్నే బస్సెక్కి వచ్చి, కమ్యూనిటీ హాలు కిటికీల మీద పేరుకున్న బూడిద తుడిచి చాపలు పరిచేవాణ్ణి. ముందు మగవాళ్ల బ్యాచ్, తర్వాత ఆడవాళ్ల బ్యాచ్. ఆ ఏడే ఆడవాళ్లకు హృదయ చక్రం క్లాసులు మొదలుపెట్టాను.

తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. హృదయ చక్రాన్నే అనాహతం అంటారు. కింది నుంచి లెక్కపెడితే నాలుగోది, ఛాతీ నడుమ ఉంటుందని మా చదువు. దాని బీజాక్షరం ‘యం’, తత్వం వాయువు. ప్రేమ, దుఃఖం, క్షమ దాని కిందికి వస్తాయి. అది మరీ మూసుకుపోతే మనిషి ఎవరినీ దగ్గరికి రానివ్వడు, మరీ తెరుచుకుంటే తనకంటూ ఏమీ మిగుల్చుకోడు. రెంటికీ నడుమకు తేవడాన్నే బ్యాలెన్సింగ్ అంటాం. భుజంగాసనం, నిదానమైన ఊపిరి, ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని జపం, మనసు నొప్పించినవాళ్లను తలుచుకుని వదిలేయడం. ఇదీ సాధన. దీనివల్ల మనసు తేలికపడ్డవాళ్లను చూశాను. అందులో అబద్ధం లేదు.

ఆ క్లాసు కోసం కాలనీ గేటు దగ్గర కన్నడంలో కాగితం అంటించాను. ‘ఎదె భార ఇళిసువ ధ్యాన’ అని రాశాను. గుండె బరువు దించే ధ్యానమని నా ఉద్దేశం. కన్నడంలో ఎదె అంటే మనసూ అవుతుంది, ఛాతీ అవుతుంది, ఆడవాళ్ల రొమ్మూ అవుతుంది. నేను తెలుగువాణ్ణి. ఎద అనగానే నాకు మనసే తోస్తుంది.

ఆ కాగితం చదువుకుని నర్సమ్మ వచ్చింది. ముప్పై అయిదేళ్లుంటాయి. సొంతూరు యాపలదిన్ని. భర్త హనుమంతు ప్లాంటులో బొగ్గు దించే దగ్గర కాంట్రాక్టు కూలీ. అత్తతో కలిసి కాలనీ వెనక రేకుల ఇంట్లో ఉండేవాళ్లు. ఇంట్లో మాట తెలుగే అయినా బడిలో అయిదో తరగతి దాకా కన్నడం చదివింది. మొదటి రోజు క్లాసు అయ్యి అందరూ చెప్పులేసుకుంటుంటే, ఆమె వెనకబడి, నేల చూస్తూ చెప్పింది.

“సార్, నా ఎదెల గట్టిగయ్యింది. ఎడమ దిక్కు.”

“నొప్పి ఉంటదా?”

“నొప్పి లేదు. రాయి లెక్క ఉంటది, గంతే.”

దుఃఖం లోపల గడ్డకట్టిందని అర్థం చేసుకున్నాను. మా పుస్తకాల్లో ఉన్నట్టే చెబుతోందని లోలోపల సంబరపడ్డాను కూడా. ఎవరిమీదనైనా కోపముందా అని అడిగాను.

ఆమె నవ్వింది. “కోపం లేనిదెవరి మీద సార్? మా అత్త ఒక్కతి చాలదా?”

అత్తను మనసులో మాఫ్ చెయ్యమని, గట్టిగా ఉన్నచోట చెయ్యి పెట్టుకుని జపం చెయ్యమని చెప్పాను. కరుగుతుందా అని అడిగింది. కరుగుతుందన్నాను.

నాలుగు నెలలు ఒక్కరోజు మానకుండా వచ్చింది. జపంలో అందరూ ఛాతీ నడుమ చెయ్యి పెడితే ఆమె ఎడమ పక్కన పెట్టేది. చక్రం ఉండేది నడుమ, అక్కడ పెట్టమని దిద్దేవాణ్ణి. జరిపేది. కళ్లు మూసుకోగానే చెయ్యి మళ్లీ అక్కడికే పోయేది. ఒకరోజు, అది ఇంకా పెద్దదైందని, జాకెట్టు కుట్టు విప్పుకోవాల్సి వచ్చిందని చెప్పింది.

ఆమె చెబుతున్నది రొమ్ములో గడ్డ సంగతని అప్పుడు తెలిసింది నాకు. ఆడమనిషిని ఆ సంగతి ఇంకా వివరంగా అడగడానికి సిగ్గేసింది. రాయచూరులో లేడీ డాక్టరు దగ్గరికి వెంటనే పొమ్మన్నాను. నేను పొరబడ్డానని మాత్రం చెప్పలేదు.

క్యాన్సర్ అని తేలింది. రొమ్ము తీసేశారు. నాలుగు నెలల ముందు వచ్చి ఉంటే ఇంత దూరం పోయేది కాదేమో అన్నారట డాక్టరు. కొన్నాళ్లకు హనుమంతు హాలుకు వచ్చాడు.

“మొదటి దినమే సారుకు చెప్పిన అంటున్నది. మా అమ్మేమో, దాచిపెట్టుకుని గిప్పుడు సారు మీద ఏస్తున్నదంటది. నిజం చెప్పు సార్. నీకు చెప్పెనా?”

చాపలు చుడుతున్నవాళ్లందరూ ఆగి చూస్తున్నారు.

“మనసు బరువుగుందన్నది హనుమంతూ. గడ్డ సంగతి చెప్పలే.”

అతను తలూపి వెళ్లిపోయాడు.

నేను పని మానలేదు. కానీ పద్ధతి మార్చుకున్నాను. ఎవరొచ్చినా బాధ ఏ చోటో వేలుతో చూపించమంటాను. ఆడవాళ్లయితే నా భార్యను పక్కన కూర్చోబెట్టి అడిగిస్తాను. ఏ భాషలో చెప్పినా, అదే సంగతి ఇంకో మాటలో చెప్పించుకుంటాను. డాక్టరు చూశాకే చాప మీద కూర్చోమంటాను. ఆ కేసు నేర్పింది ఇంతే, పెద్ద జ్ఞానమేమీ కాదు. ప్రతి క్లాసులో సగం నిజం చెప్పి ఇంటికి రావడం మాత్రం మూటలు మోసి వచ్చినట్టుండేది.

ఆరేళ్లు అట్లాగే గడిచాయి. ఒకరోజు క్లాసులో యాపలదిన్ని నుంచి వచ్చిన ఒకామె నర్సమ్మ సంగతి చెప్పింది. ప్రాణానికి గండం తప్పింది, కుటుంబం ఊరికి తిరిగిపోయింది. ఇంట్లో మాత్రం ఆమె మాటకు విలువ లేదట. జ్వరమొచ్చిందన్నా, అబద్ధాలదాని మాట నమ్మొద్దని అత్త అంటుందట. మరునాడే బస్సెక్కాను.

నర్సమ్మ వాకిట్లో కూర్చుని వేరుశనక్కాయలు ఒలుస్తోంది. అత్త మంచం మీద ఉంది. హనుమంతును కూడా పిలిపించి, ముగ్గురి ముందూ చెప్పాను. ఆమె మొదటి దినమే చెప్పిందని, నేనే వేరే అర్థం చేసుకున్నానని, హాల్లో ఆడింది అబద్ధమని. అత్త మొహం పక్కకు తిప్పుకుంది. హనుమంతు నన్ను కాదు, భార్యను చూశాడు.

నర్సమ్మ చేతిలో కాయ ఒలిచి గింజలు చేటలో వేసింది. “కన్నడ అర్థమయ్యేటందుకు ఆరేండ్లు పట్టెనా సార్?”

“హనుమంతు నన్ను అడిగేటప్పటికే అర్థమయ్యిందమ్మా. పదిమందిల పరువు పోతదని లేదన్న. నువ్వు దాచలే. నిన్ను అబద్ధాలదాన్ని చేసింది నేను. తప్పయ్యింది.”